ఎండ సోకని గది

అమీర్‌పేట, హైదరాబాదు
12 జూన్ 1938

అన్నకు చెల్లె కమలవ్వ దండం పెట్టి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమమని రాయాలనే కూర్చున్నాను. కానీ నీకు అబద్ధం రాయడం నాకు చేతకాదు. ఫిబ్రవరిలో కాన్పు సంగతి మీ బావ కార్డు రాశాడు కదా. మొదటివాడిలాగే వీడు కూడా ఏడవకుండానే పోయాడు. మూడు రోజులు నొప్పులు పడ్డాను. నేను బతికినందుకు మా అత్తమ్మ కొమురమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. కొట్టిన వారానికే మెదక్‌లో ఒక పిల్ల ఉన్నదని మాట తీసింది.

"నా కొడుకు వంశం గిట్లనే ఆగిపోవాల్నా?" అని వాకిట్లో కూర్చొని వచ్చినవాళ్ళందరినీ అడుగుతుంది. మీ బావ ఔననడు, కాదనడు. తలవంచుకొని కుట్టుమిషను తొక్కుతుంటాడు. ఆ మిషను చప్పుడు వింటూ నేను లోపల అన్నం వండుతుంటాను.

అసలు సంగతి ఇది. మా పక్కింట్లో నూరున్నీసా అని ఉన్నది, టాంగా తోలే బాబూ మియా భార్య. ఆమె నన్ను పరదా కట్టిన టాంగాలో కూర్చోబెట్టి పంజాగుట్టలో కొత్తగా తెరిచిన ఆడవాళ్ళ దవాఖానకు తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ ఫఖ్రున్నీసా బేగం. నా కడుపు సంగతి ఏమీ అడగలేదు. తలుపు దగ్గర నుంచి కిటికీ దాకా నడవమన్నది. నా దొడ్డికాళ్ళు చూసింది. చూసి, "నాలుగేండ్లప్పుడు పొద్దంత ఏడ కూసుంటుంటివి?" అని అడిగింది.

నాకు నవ్వొచ్చింది. అది ఎవరికి గుర్తుంటుంది? పాలు తాగావా, ఎండలో ఆడుకున్నావా, ఎప్పటినుంచి పని చేశావు, ఇవే ప్రశ్నలు. నేను మన ఇంట్లో అందరూ చెప్పేదే చెప్పాను. కడుపుతో ఉండగా అమ్మ గ్రహణంలో బయటికి వచ్చింది, అందుకే నా కాళ్ళు వంకరపోయాయని. ఆమె కలం కింద పెట్టింది.

"గ్రహణం ఎంతసేపుంటది బేటీ? నీ కాళ్ళు వంగనీకె ఏండ్లు పట్టినయ్" అన్నది.

తర్వాత ఇనుప కొలకర్రతో నా నడుము ఎముకలు కొలిచింది. మా ఇంట్లో ఊరందరి కొలతలూ మీ బావ తీస్తాడు. నన్ను కొలిచింది ఈమె ఒక్కతే. చిన్నప్పుడు తిండీ ఎండా లేక ఎముకలు మెత్తబడ్డాయట, ఒంటి బరువుకు వంగి అట్లాగే గట్టిపడ్డాయట. బిడ్డ బయటికి వచ్చే తొవ్వ ఇరుకైపోయింది. ఇంకోసారి కడుపు పండితే ఇంట్లో నొప్పులు పడనీయకుండా పట్నంలో పెద్ద జనానా ఆసుపత్రికి పోవాలి. అక్కడ కోసి బిడ్డను తీస్తారు, ఇద్దరమూ బతకవచ్చు అన్నది. "నీ తప్పు లేదు, పిల్లల తప్పు లేదు" అని కూడా అన్నది. ఆ మాట ఇంతవరకు ఎవరూ అనలేదు.

అన్నా, నువ్వు నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. దుబ్బాక ఇంట్లో నా చిన్నతనం ఎట్లా గడిచిందో రాయి. నాకు చీకటి, మగ్గం చప్పుడు, నువ్వు తడివేలితో నేల మీద అక్షరాలు దిద్దించడం, ఇవే గుర్తున్నాయి. డాక్టరమ్మ తన పుస్తకంలో రాసుకుంటుందట.

నీ చెల్లె
కమలవ్వ


షోలాపూరు
9 జూలై 1938

చెల్లె కమలవ్వకు అన్న శివరాములు దీవెనలు.

జాబు అందింది. నీ కష్టం చదివి మనసు చెడింది. బావ మంచివాడు, తొందరపడడు. పెద్దామె మాటలు పట్టించుకోకు. కానీ కడుపు కోసే డాక్టర్లను నమ్మకు. ఇక్కడ మిల్లులో ఒకడి భార్యను అట్లాగే తీసుకుపోయారు, తిరిగి రాలేదు.

పాత సంగతులు రాయడానికి ఏమున్నాయి? అందరూ ఎట్లా పెరిగారో మనమూ అట్లాగే పెరిగాం. ఆ పెద్ద జ్వరాల సంవత్సరంలో అమ్మ పోయాక నాయిన తనకు చేతనైనంత చేశాడు. నీకు ఏమీ తక్కువ కాలేదు. గ్రహణం సంగతి నాయినే అనేవాడు. చచ్చిపోయినవాళ్ళ సంగతులు తవ్వి ఆ డాక్టరమ్మకు ఏం లాభం?

ఇక్కడ మిల్లు రెండు షిఫ్టులు నడుస్తున్నది. మీ వదిన చంద్రమ్మ దుప్పట్లు నేసేవాళ్ళ దగ్గర నూలు తెచ్చి ఇంట్లోనే కండెలు చుడుతున్నది. మా వజ్రమ్మకు నాలుగేళ్ళు నిండాయి. అమ్మ పేరు పెట్టినందుకు అమ్మలాగే నెమ్మది. తక్కిన పిల్లల్లాగా సందుల వెంట పరుగెత్తదు. పొద్దున లేస్తే తల్లి పక్కన చరఖా దగ్గర కూర్చొని కండెలు అందిస్తుంది. నడవడానికి మాత్రం కొంచెం బద్ధకం. నాలుగడుగులు వేసి ఎత్తుకోమంటుంది. మేనత్త ఓపిక వచ్చిందని మీ వదిన మురుస్తుంది.

ఒళ్ళు జాగ్రత్త.

శివరాములు


అమీర్‌పేట
20 సెప్టెంబరు 1938

అన్నా,

నీ జాబు చదివి మడిచి పెట్టాను. వారం తర్వాత మళ్ళీ తీస్తే, నా గురించి రాసిన చోట కాదు, వజ్రమ్మ గురించి రాసిన నాలుగు ముక్కల దగ్గర నా చూపు ఆగిపోయింది. ఎందుకో చివర రాస్తాను.

నూరున్నీసాకు కూడా ఎముకల నొప్పులున్నాయి. తొమ్మిదో ఏట పరదాలోకి పోయింది, అప్పటినుంచి ముఖానికి ఎండ తగల్లేదు. డాక్టరమ్మ ఆమెకూ నాకూ ఒకటే మందు చెప్పింది. రోజూ ఎండలో చేతులూ కాళ్ళూ బయటపెట్టి కూర్చోవాలి. చేపనూనె సీసా ఇచ్చింది, ముక్కు మూసుకొని తాగుతున్నాం.

"ఎండల కూసొమ్మంటది సరే, ఏడ కూసోవాలె కమలా? మా ఇంటికి వాకిలే లేకపాయె" అన్నది నూరున్నీసా. ఆ మాట మీ బావ విన్నాడు కాబోలు. మూడు రోజులు దుకాణంలో మిగిలిన గుడ్డపీలికలన్నీ కలిపి కుట్టాడు. కోటు గుడ్డ, అస్తరు గుడ్డ, రజాయి ముక్క, అన్నీ అందులోనే ఉన్నాయి. మా పెరట్లో నాలుగు గుంజలు పాతి నిలువెత్తు తెర కట్టాడు. పైన ఆకాశం తప్ప ఏమీ కనబడదు. ఎందుకు చేశావని అడిగితే, "పాత గుడ్డలు ఊకెనే పడున్నయ్" అన్నాడు. ఇప్పుడు వంట అయ్యాక ఇద్దరం అందులో కూర్చుంటున్నాం. నూరున్నీసా మొదటిరోజు తలమీది దుపట్టా తీసి ముఖం ఎండకెత్తి కూర్చున్నది.

ఇప్పుడు వజ్రమ్మ సంగతి. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టు. రెండు చీలమండలూ ఆనించి పట్టుకో. మోకాళ్ళ మధ్య ఎన్ని వేళ్ళు పడతాయో చూడు. మణికట్లు ఉబ్బినట్టున్నాయేమో చూడు. అది బద్ధకం కాకపోవచ్చు. నన్ను కూడా నెమ్మదైన పిల్ల అనేవాళ్ళు.

ఎన్ని వేళ్ళో నాకు రాయి. ఇంకొక మాట. నాకు ఏమీ తక్కువ కాలేదన్నావు. డాక్టరమ్మ నా ఎముకలు చూసి కాదంటున్నది. ఆమెకు మన ఇల్లు తెలియదు, నీకు తెలుసు.

కమలవ్వ


షోలాపూరు
6 నవంబరు 1938

కమలా,

నాలుగు వేళ్ళు.

నీ జాబు వచ్చాక చాలా రోజులు చూడలేదు. చివరికి ఒక ఆదివారం చంద్రమ్మ నీళ్ళకు పోయినప్పుడు వజ్రమ్మను చాప మీద పడుకోబెట్టాను. ఆట అనుకొని నవ్వింది. నావి లావు వేళ్ళు, నాలుగు పట్టాయి. మణికట్లు కూడా నువ్వు రాసినట్టే ఉన్నాయి. చంద్రమ్మకు ఇంకా చెప్పలేదు. ముందు నీకు చెప్పవలసినది ఉన్నది.

అమ్మ పోయినప్పుడు నీకు మూడేళ్ళు, నాకు పదకొండు. మగ్గం గదికి వీధి వైపు ఒక కిటికీ ఉండేది. జ్వరం గాలికి వస్తుందని నాయిన దానికి చెక్కపలక అడ్డం పెట్టి మేకులు కొట్టాడు. జ్వరాలు పోయినా పలక తీయలేదు. వేడిగాలి తగిలితే నూలు తెగుతుందనేవాడు. గుంత మగ్గంలో ఆయన, గుంత ఒడ్డున నువ్వు. అయిదో ఏట నీ చేతికి చరఖా వచ్చింది. నువ్వు బయటికి పోయి తప్పిపోకుండా బడికి పోతూ తలుపు గొళ్ళెం పెట్టింది నేనే. సాయంత్రం వచ్చి తీసేవాణ్ణి. అప్పటికి ఎండ పోయేది.

ఇది అందరికీ తెలిసిన సంగతి. తెలియనిది రాస్తాను.

వీధి చివర రాజనర్సయ్య పెదనాయన ఇంట్లో బర్రె ఉండేది. తల్లి లేని పిల్ల అని పెద్దమ్మ నీకోసం రోజూ చెంబెడు పాలు పోసేది. తేవడం నా పని. మొదటిరోజు తొవ్వలో సగం తాగాను. మిగిలిన సగం నీకు పోశాను, నువ్వు మూతి తుడుచుకొని ఇంకా ఉన్నాయా అని చెంబులోకి చూశావు. మూడో రోజు నుంచి మొత్తం నేనే తాగి, బావి దగ్గర చెంబు కడిగి తెచ్చాను. బర్రె ఎండిపోయిందని నాయినతో చెప్పాను. పిల్ల తాగుతున్నదని పెద్దమ్మతో చెప్పాను. రెండేళ్ళు ఇట్లాగే నడిచింది.

తర్వాత నీ కాళ్ళు వంగడం అందరికీ కనబడింది. వీధిలో ఒక ముసలామె గ్రహణం పట్టిందా అని అడిగింది. నాయిన నా వైపు చూశాడు. పాల సంగతి బయటపడుతుందని నాకు భయమేసింది. అమ్మ వాకిట్లోకి రావడం నేను చూశానని చెప్పాను. నేను చూడలేదు కమలా. అసలు గ్రహణం ఎప్పుడు పట్టిందో కూడా నాకు తెలియదు. అమ్మ మీద ఆ మాట వేసింది నేను.

నీకు అక్షరాలు ఎందుకు నేర్పానో నీకు తెలియదు. బడి నుంచి వచ్చి నిన్ను చూస్తే ఊరికే ఉండలేకపోయేవాణ్ణి. ఏదో ఒకటి ఇవ్వాలనిపించేది. అక్షరాలు తాగి ఎవరి ఎముకలూ గట్టిపడవు.

నా పిల్ల కూడా అదే గదిలో పెరుగుతున్నదని నాకు తెలియలేదు. ఊరు మారింది కదా అనుకున్నాను. ఏం చేయమంటావో రాయి. రాయకపోయినా నీ ఇష్టమే.

శివరాములు


అమీర్‌పేట
2 జనవరి 1939

అన్నా,

ఎనిమిది వారాలు జవాబు రాయలేదు. జాబు పోస్టులో తప్పిపోలేదు. నేనే రాయలేదు.

నాకు కోపం వచ్చింది. పాలకు కాదు, ఆకలేస్తే పిల్లలు తాగుతారు. అమ్మ సంగతికి వచ్చింది. మొదటి కాన్పులో రెండో రోజు, నొప్పి భరించలేక నేను అమ్మను తిట్టాను. ఆ గ్రహణం చూడకుండా ఉండలేకపోయావా అని గట్టిగానే తిట్టాను, మంత్రసాని విన్నది. రెండో కాన్పులో కూడా తిట్టాను. నాకు ముఖం కూడా గుర్తులేని అమ్మను ఇరవై ఏళ్ళు తప్పుపట్టాను. నీ జాబు చదివాక తెర లోపల కూర్చొని చాలా ఏడ్చాను. నూరున్నీసా వచ్చి పక్కన కూర్చున్నది.

నీ జాబు డాక్టరమ్మకు చదివి వినిపించాను. నువ్వు తప్పు పట్టకు, ఇంకెవరికీ చెప్పలేదు. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది. "మరి గా పోరడు ఏం తింటుండె?"

నేను ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. నాయిన తిన్నాక నాకు జొన్నగటక పెట్టి, నువ్వు కుండ గీకేవాడివని మాత్రం గుర్తొచ్చింది. ఆ గీకే చప్పుడు గుర్తున్నది, నీ గిన్నెలో ఏమున్నదో గుర్తులేదు.

"చెంబెడు పాలతోనే గింత కాదు బేటీ" అన్నది ఆమె. "చీకటి, ఆకలి, కూసుండి చేసే పని, అన్ని గలిసినయ్. గా ఇంట్ల పిల్లలు ఇద్దరుండిరి. ఒక్కదాన్నే చూస్తె లెక్క తప్పుతది."

కోపం పోయిందని రాయను. తగ్గింది. నువ్వు రెండు పనులు చేయాలి. మొదటిది వజ్రమ్మ. ఆమె చరఖా దగ్గర కూర్చోవడం ఈ జాబు అందిన రోజే ఆగాలి. రోజూ ఒంటిమీద గుడ్డ తక్కువగా ఉంచి ఎండలో ఆడించాలి. పాలు, గుడ్డు, దొరికినప్పుడు చేప. చేపనూనె అక్కడి దవాఖానలో అడుగు. నాలుగేళ్ళ ఎముక ఇంకా మాట వింటుందట, నాది వినదు. రెండోది అమ్మ. దుబ్బాకకు పోయి, గ్రహణం మాట నువ్వు కల్పించిందని మనవాళ్ళ ముందర చెప్పు.

ఇంకొక సంగతి. నాకు మూడో నెల. మొన్న ఇంట్లో చెప్పాను. అత్తమ్మ సంతోషపడి, ఆపరేషను మాట వినగానే లేచి నిలబడ్డది.

"కడుపు కోసి పిల్లను దీస్తరా? గట్ల తీసిన పిల్ల బతుకుతదా? ఇది పోతే నలుగురు నన్నే అంటరు. గీ కష్టమంత లేకుండ మెదక్ పిల్లను జేసుకుంటె అయిపాయె."

మీ బావ మిషను ఆపాడు. కత్తెర పక్కన పెట్టాడు. "అవ్వా, గా మెదక్ పిల్ల సుత చీకటింట్ల కండెలు చుట్టుకుంటనే పెరిగింది. గామెకు సుత గిట్లనే అయితే మూడో పిల్లను దెస్తవా? నాకు కమలనే గావాలె. ఆసుపత్రికి నేనే తోల్కపోత" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆయన ఒక్క ఊపులో అన్ని మాటలు మాట్లాడటం నేను వినలేదు.

కమలవ్వ


షోలాపూరు
19 మార్చి 1939

కమలా,

మొదటి పని నడుస్తున్నది. చంద్రమ్మకు నా కథ కూడా చెప్పాను. మూడో రోజు, "పిల్ల మెత్తగున్నదని నేను మురిసిన గదా, నాకెందుకు తెల్వలే" అని ఏడ్చింది. కండెల పని మానలేం, అది లేకపోతే ఇల్లు గడవదు. చరఖా తీసుకుపోయి, మేముండే వరసగదుల చాల్ ముందర అరుగు మీద పెట్టింది. నూలు తెగుతున్నదని గొణుగుతుంది, కొంచెం తడిపి చుడుతుంది. ఆమెను చూసి పక్కగదుల ఇద్దరాడవాళ్ళు కూడా చరఖాలు బయటికి తెచ్చారు. వాళ్ళ పిల్లలు కూడా బయటే.

నాకు రెండో షిఫ్టు. అందుకని పొద్దున వజ్రమ్మను మిల్లు గోడ వెనక మైదానానికి నేనే తీసుకుపోతాను. మొదట్లో నాలుగడుగులు వేసి చేతులు చాచేది. నేను ఎత్తుకోకుండా పక్కనే కూర్చునేవాణ్ణి. ఏడ్చేది. కాళ్ళు నొప్పి అన్నది ఒకరోజు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగితే, "అందరికీ నొస్తయి గదా" అన్నది. కమలా, నొప్పి అందరికీ ఉంటుందని ఆ పిల్ల అనుకున్నది. నువ్వు కూడా అట్లాగే అనుకొని ఉంటావు.

చేపనూనె ఇస్తున్నాం. ఇప్పుడు మైదానం అవతలి చింతచెట్టు దాకా ఆగకుండా నడుస్తున్నది. వేళ్ళు మూడున్నర.

డాక్టరమ్మ అడిగిన దానికి జవాబు: నేను గీకిన కుండ అడుగు తినేవాణ్ణి, గంజి తాగేవాణ్ణి. బడిలో రెండుసార్లు కళ్ళు తిరిగి పడ్డాను. సాకు కోసం రాయడం లేదు. ఆమె అడిగింది కాబట్టి రాస్తున్నాను. ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

రెండో పనికి సెలవు దొరకలేదు. చేస్తాను. నీ తారీకు ఎప్పుడో రాయి.

అన్న


హైదరాబాదు, జనానా ఆసుపత్రి
22 జూలై 1939

అన్నా,

పెన్సిలుతో రాస్తున్నాను, పడుకొని. అక్షరాలు కిందికి జారితే ఏమీ అనుకోకు.

ఆడపిల్ల. పద్దెనిమిదో తారీకు పగలు పదకొండు గంటలకు పుట్టింది. ఏడ్చింది. నేను మత్తులో ఉన్నాను, వినలేదు. మీ బావ విన్నాడు. బయట వరండాలో నిలబడి విని, గోడకు ఆనుకొని కూర్చుండిపోయాడట. అది నాకు నూరున్నీసా చెప్పింది. ఆయనను అడిగితే కాళ్ళు గుంజినయ్ అన్నాడు.

డాక్టరమ్మ తారీకుకు పది రోజుల ముందే చేర్పించింది. బాబూ మియా టాంగాలో గుర్రాన్ని నడకకు మించి పోనివ్వలేదు. పంజాగుట్ట నుంచి ఖైరతాబాదు దాకా గుంత కనబడ్డ ప్రతిచోటా దిగి పగ్గం పట్టుకొని నడిపించాడు. అత్తమ్మ కూడా ఎక్కింది. రానని అందరితో చెప్పి, చివరికి మూట సర్దుకొని అందరికంటే ముందు ఎక్కి కూర్చున్నది.

నన్ను లోపలికి తీసుకుపోయేటప్పుడు భయమేసింది. షోలాపూరులో తిరిగి రానామె గుర్తొచ్చింది. డాక్టరమ్మ ఈ ఆసుపత్రిలో పనిచేయదు, అయినా ఆ రోజు వచ్చి నా చెయ్యి పట్టుకొని, "నీ నడుం కొలత నాకు తెలుసు. వీళ్ళకు సుత చెప్పిన" అన్నది. ఆ తర్వాత నాకేమీ తెలియదు.

కుట్లు నొస్తున్నాయి, జ్వరం రాలేదు. నిన్న అత్తమ్మ బిడ్డను ఒళ్ళో పెట్టుకొని చాలాసేపు చూసింది. "కాళ్ళు చక్కగున్నయ్" అన్నది. మళ్ళీ, "నాకు గీ నా కొడుకు ఇస్తారి కంటె ముందు ఇద్దరు పోయిండ్రు. గప్పుడు నన్ను సుత గిట్ల ఎవ్వలన్న కొలిస్తె బాగుండె" అన్నది. ఆ సంగతి నాకు ఇన్నాళ్ళూ తెలియదు. మెదక్ మాట తెచ్చినందుకు ఆమెను నేను మనసులో చాలా అనుకున్నాను. నా వైపు చూడకుండానే నా దుప్పటి సర్దింది.

పేరు కాంతవ్వ అని పెట్టాం.

కమల


షోలాపూరు
30 ఆగస్టు 1939

కమలా,

కాంతవ్వకూ నీకూ దీవెనలు. నీ జాబు చాల్‌లో అందరికీ చదివి వినిపించాను. బెల్లం పంచాం.

దుబ్బాకకు పోయి రెండో పని చేసి వచ్చాను. పెదనాయన పోయి ఆరేళ్ళయింది. పెద్దమ్మకు చూపు తగ్గింది. కులపోళ్ళు నలుగురైదుగురు ఉండగా ఆమె కాళ్ళ దగ్గర కూర్చొని మొత్తం చెప్పాను. పాలు, బావి దగ్గర కడిగిన చెంబు, గ్రహణం. చెప్పేటప్పుడు నా గొంతు పదకొండేళ్ళవాడి గొంతులాగా ఉన్నదని నాకే తెలుస్తున్నది.

పెద్దమ్మ నా తల తడిమింది. "నాకెర్కనే బిడ్డా" అన్నది. "నీ మూతికి మీగడ అంటుకొని కనవడుతుండె. నువ్వు సుత బక్కగుంటివి. ఇంకొక చెంబు పొయ్యాలనుకుంట, ఇంట్లోళ్ళు ఏమంటరోనని ఊకుంటి. గది నా మీద ఉన్నది, నీ మీద కాదు."

అక్కడున్న ఒక ముసలామె, గ్రహణం మాట మొదట అడిగినామె కోడలు, లేచి మన పాత ఇంటికి పోయి కొత్తగా ఉంటున్నవాళ్ళతో మాట్లాడింది. మగ్గం గది చూస్తావా అని నన్ను పిలిచారు. పోయాను. పలక ఇంకా అట్లాగే ఉన్నది. లోపల ఒక పిల్ల కండెలు చుడుతున్నది. ఇంటాయనను అడిగి మేకులు పీకాను. తుప్పు పట్టి ఉన్నాయి, ఒకటి విరిగింది. నూలు తెగుతుందని ఆయనా అన్నాడు. చంద్రమ్మ తడిపి చుట్టే పద్ధతి చెప్పాను. నేను వచ్చేశాక పలక మళ్ళీ కొట్టాడో లేదో తెలియదు. ఆ పూటకు మాత్రం గదిలో ఎండ పడింది.

అమ్మ పేరు మీద ఆ వీధిలో ఇక ఏ మాటా లేదు.

నీ అన్న


అమీర్‌పేట
14 మే 1945

అన్నా,

నువ్వు బేగంపేట స్టేషనులో వజ్రమ్మను దించి వెంటనే వెనక్కి పోవలసి వచ్చింది కాబట్టి ఇక్కడి సంగతులు వివరంగా రాస్తున్నాను. పిల్ల క్షేమం. కాంతవ్వ ఆమెను వదలడం లేదు. నీళ్ళు తోడటానికి పోయినా కొంగు పట్టుకొని పోతుంది.

యుద్ధం మొదలయ్యాక చేపనూనె దొరకడం మానేసింది, దొరికినా కొనేటట్టు లేదు. ఎండకు మాత్రం రేషను లేదని డాక్టరమ్మ నవ్వుతుంది. మా తెర లోపలికి ఇప్పుడు పదకొండు మంది వస్తున్నారు, సగం మంది పరదావాళ్ళు, సగం మంది మనవాళ్ళు. బిడ్డ తల్లులు నూనె రాసిన పిల్లలను తెచ్చి అక్కడే పడుకోబెడతారు. అత్తమ్మ అందరి పిల్లల కాళ్ళూ లాగి చూస్తుంది, ఆమెను దాటి ఎవరూ లోపలికి పోలేరు. నూరున్నీసా నొప్పులు చాలావరకు పోయాయి.

నావి పోలేదు. వానాకాలం వస్తే తుంటి పట్టేస్తుంది. మెట్లు ఎక్కలేను. ఇంకో బిడ్డ వద్దని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. ఈ నడుము ఇట్లాగే ఉంటుందట చివరిదాకా. నాకు ముప్పై ఏళ్ళు, నా ఎముకలకు మాత్రం ఇంకా దుబ్బాక ఇంట్లో నాలుగేళ్ళే. ఇది నిన్ను నొప్పించడానికి రాయలేదు. వజ్రమ్మను చూసినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది, గుర్తొచ్చినా ఏడుపు రావడం లేదు, అది చెబుదామని.

నిన్న డాక్టరమ్మకు వజ్రమ్మను చూపించడానికి పంజాగుట్టకు పోయాం. ఆమె ముందు నడిపించి, తర్వాత పరుగెత్తమన్నది. వజ్రమ్మ వరండా చివరిదాకా పరుగెత్తి, ఆపుకోలేక స్తంభాన్ని పట్టుకొని ఆగింది. డాక్టరమ్మ తన పాత పుస్తకం తీసి, నా పేరు కింద ఏదో రాసింది. ఏమిటని అడిగితే, "తర్వాతి తరం" అన్నది.

వచ్చేటప్పుడు పిల్లలిద్దరూ తొవ్వ పక్కనున్న గుట్ట ఎక్కుతామన్నారు. నేను కింద రాయి మీద కూర్చున్నాను. బాబూ మియా టాంగా ఆపి గుర్రానికి గడ్డి వేశాడు. వజ్రమ్మ కాంతవ్వ చెయ్యి పట్టుకొని పెద్ద బండల మధ్య నుంచి ఎక్కింది. లంగా దోపుకొని, అడుగు ఎక్కడ వేయాలో చూసుకుంటూ, చిన్నదాన్ని పైకి లాగుతూ ఎక్కింది. వెనక నుంచి ఆమె పిక్కలు చూస్తూ కూర్చున్నాను. పైకి చేరి నిలబడ్డారు.

"ఏం గనవడుతుందే?" అని కింద నుంచి అరిచాను.

"రైలు పట్టాలు గనవడుతున్నయ్ అత్తా. సనత్‌నగర్ దిక్కు పొగ గనవడుతుంది. మీ ఇల్లు గనవడుతలేదు, చెట్లున్నయ్" అన్నది వజ్రమ్మ.

కాంతవ్వ ఆమె భుజం పట్టుకొని అటువైపు తిరిగింది. "అవ్వా, నీళ్ళు. గంత పెద్ద నీళ్ళు. ఎండల మెరుస్తున్నయ్" అన్నది.

హుస్సేన్‌సాగర్ అన్నా. ఏడేళ్ళుగా ఈ తొవ్వన పోతున్నాను, ఆ గుట్ట మీద నుంచి అది కనబడుతుందని నాకు తెలియదు. ఎంత పెద్దగా ఉన్నదో చెప్పమన్నాను. ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతూ చెబుతూనే ఉన్నారు. బాబూ మియా పోదామని తొందరపెట్టలేదు. నేనూ పిలవలేదు.

నీ కమల